మేడ మీద వాటాకు కుక్కతో వస్తామంటున్నారు, ఇవ్వవచ్చా?

అడిగినవారు: మొజాయిక్ ఇల్లు (విశాఖపట్నం)

మాది ఎంవీపీ కాలనీలో సొంత ఇల్లు. కింద మేము ముగ్గురం ఉంటాం: నేను, మా వారు, ఎనభై దాటిన మా అత్తగారు. మేడ మీద రెండు పడకగదుల వాటా అద్దెకిస్తాం. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాను. పెన్షన్ వస్తుంది కానీ మందులకు పోగా చేతిలో ఆడేది ఆ అద్దె డబ్బే. సంక్రాంతికి ఖాళీ అయిన వాటా ఇంకా అలాగే ఉంది.

పోయిన ఆదివారం ఒక జంట వచ్చి చూసుకున్నారు. అబ్బాయికి పరవాడ ఫార్మా సిటీలో షిఫ్టుల ఉద్యోగం. అమ్మాయి ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేస్తుంది, వారంలో రెండు రోజులు మాత్రం ఆఫీసుకు వెళ్లాలట. మర్యాదస్తులు. చెప్పులు మెట్ల కిందే విడిచి పైకి వెళ్లారు. అద్దెకు వచ్చేవాళ్లకు నేను పెట్టే మొదటి పరీక్ష అదే. అద్దె దగ్గర బేరమాడలేదు, మూడు నెలల అడ్వాన్సుకూ సరేనన్నారు. అంతా అయ్యాక గేటు దగ్గర ఆ అమ్మాయి "ఆంటీ, ఒక్క చిన్న విషయం" అంది. చిన్న విషయం అని మొదలైంది చిన్నది కాదని జన్మంతా ఎక్స్ఛేంజిలో పనిచేసినదాన్ని, నాకు తెలియదా!

వాళ్లకు ఒక కుక్క ఉంది. నాటు కుక్కే, ఆడది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. పేరు సున్నుండ. ఫోనులో ఫొటో చూపించింది. పేరుకు తగ్గ రంగే.

కుక్కంటే నాకు భయమూ లేదు, అసహ్యమూ లేదు. నర్సీపట్నం దగ్గర మా పుట్టింట్లో ఎప్పుడూ ఒక కుక్క ఉండేది. అయితే వాకిట్లోనే. గడప దాటితే మా నాయనమ్మ చీపురు అందుకునేది. ఇప్పుడు కుక్కలకు వాకిళ్లు లేవు, మేడలే ఉన్నాయి. చిక్కంతా అక్కడే.

ముందు నేల సంగతి. 1994లో ఇల్లు కట్టినప్పుడు మేడ మీద హాలంతా మొజాయిక్ పోయించాం. ఆకుపచ్చ అంచు, మధ్యలో పసుపు. ఆ పని తెలిసిన మేస్త్రులు ఇప్పుడు దొరకడం లేదు. దాని మీద కుక్క మూత్రం పడితే ఏమవుతుంది? రెండోది మా అత్తగారి మడి. మేడ మెట్లు తులసికోట పక్కనుంచే వెళ్తాయి. తెల్లవారుజామున ఆవిడ తడిబట్టతో అక్కడ నిలబడినప్పుడు, అదే సమయానికి కుక్క షికారుకు దిగితే? మూడోది మొరుగుడు. ఇద్దరూ బయటికి వెళ్లిన రోజున అది రోజంతా మొరిగితే పక్కింటాయన ఊరుకోడు. మా కుక్కరు విజిల్‌కే ఆయన కిటికీ మూసుకుంటారు.

అద్దెకిచ్చినవాళ్లు, అద్దెకున్నవాళ్లు మీకు జరిగింది చెప్పండి. "మూగజీవి మీద జాలి లేదా" అని అడగదలచినవారు, మీ ఇంట్లో వాటా ఖాళీగా ఉంటే వాళ్లకు చూపించండి.

---

పటమట ఇంటాయన (విజయవాడ)

ఇవ్వకండి. నేల గురించి, మొరుగుడు గురించి ఆలోచిస్తున్నారు. అసలు బెడద పేరు మీరు ఎత్తనే లేదు. పిడుదులు.

మా కింది వాటాలో ఉన్నవాళ్లు ఖాళీ చేసిన కొద్ది రోజులకు సున్నం వేయించడానికి తలుపు తీశాను. స్విచ్ బోర్డు చుట్టూ గోడ మీద ఆవాలు చల్లినట్టు కనిపించింది. దగ్గరికి వెళ్తే అవి కదులుతున్నాయి. కుక్క పిడుదు రక్తం తాగాక కుక్క మీద నుంచి రాలిపోయి, గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక, స్కర్టింగ్ సందుల్లో చేరి అక్కడ వేల గుడ్లు పెడుతుంది. పైకి పాకడం దాని స్వభావం. అందుకే ఊడ్చినా కడిగినా పోదు. కుక్క వెళ్లిపోయినా తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది. మందు కొట్టించాను, మళ్లీ వచ్చాయి. ఎందుకంటే మందుకు పెద్దవి చచ్చినా గుడ్లు మిగిలాయి. తరవాత చేరినవాళ్లకు పాకే పిల్ల ఉంది. ఆ పిల్ల చెవి వెనక ఒకటి కనిపించేసరికి వాళ్లు అడ్వాన్సు వెనక్కు తీసుకుని వెళ్లిపోయారు. వాళ్లను నేను తప్పు పట్టను.

అప్పటి నుంచి నాది ఒకటే మాట. మాంసం వండుకోండి, చుట్టాలను పిలుచుకోండి, కుక్క మాత్రం వద్దు.

మొజాయిక్ ఇల్లు

చదువుతుంటేనే ఒళ్లు జలదరించింది. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. వాళ్లు కుక్క ఉందని ముందే చెప్పి చేరారా?

పటమట ఇంటాయన

లేదు. అగ్రిమెంటులో పెంపుడు జంతువులు కూడదని స్పష్టంగా ఉంది. చేరాక కుక్కపిల్లను తెచ్చి, నాకు తెలియకుండా వెనక వరండాలో కట్టేశారు. నేను వస్తున్నానంటే బాత్‌రూములో పెట్టి తలుపు వేసేవారట. పాలవాడు చెప్తేనే తెలిసింది.

మొజాయిక్ ఇల్లు

అంటే కూడదని రాసుకున్న ఇంట్లోనే ఇదంతా జరిగిందన్నమాట. మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదు, నా లెక్క నేను సరిచూసుకుంటున్నాను. దాచిపెట్టిన కుక్కను పశువుల డాక్టరు దగ్గరికి పట్టపగలు ఎవరూ తీసుకెళ్లరు కదా.

---

రెండు పిల్లుల అమ్మ (హైదరాబాద్, నిజాంపేట)

మీ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. దాచడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఇల్లు వెతుక్కునేటప్పుడు ఇంటివాళ్లు అడిగే ప్రశ్నలకు ఒక వరస ఉంటుంది. ముందు "మీరేమిట్లు?" అంటారు. తరవాత మాంసం తింటారా, తరవాత ఎంతమంది ఉంటారు, చుట్టాలు ఎక్కువగా వస్తారా. కుక్క సంగతి ఆఖరున. పిల్లి ఉందా అని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి చెప్పకుండా ఒక ఇంట్లో చేరాను. ఇంటావిడ నెల మొదట్లో అద్దెకు వచ్చినప్పుడల్లా రెండు పిల్లులను సంచిలో పెట్టి ఎదురింటి వాళ్లకు ఇచ్చేదాన్ని. ఒకరోజు ఆవిడ తారీకు మార్చి వచ్చింది. ఆ తరవాత కథ మీరు ఊహించుకోవచ్చు.

ఇప్పుడు ఉన్న ఇంటికి మాత్రం ఫైలు పట్టుకుని వెళ్లాను. టీకాల పుస్తకాలు, ఆపరేషన్ చేసిన చీటీలు, పాత ఇంటి గోడల ఫొటోలు, జీతం చీటీ. ఇంటాయన ఆఖరు కాగితమే శ్రద్ధగా చూశారు, అది వేరే విషయం. మాది ఐదో అంతస్తు. పిల్లులు బాల్కనీ గోడెక్కి పడిపోతాయని నా ఖర్చుతో వల కట్టించాను. దాంతో పావురాల రెట్ట ఆగిపోయింది. అంతకుముందు ఆయన ఏటా ఆ బాల్కనీ కడిగించడానికి మనిషిని పెట్టేవారట. ఇప్పుడు పై ఇంటికీ అలాంటి వల కట్టించమని నన్నే అడుగుతున్నారు.

మీ జంట గేటు దగ్గరైనా చెప్పారు. పాలవాడు చెప్పేదాకా ఆగలేదు. ఒక్క సలహా: ఆ అమ్మాయి ఆఫీసుకు వెళ్లే రెండు రోజుల్లో అబ్బాయికి పగటి షిఫ్టు పడితే ఏం చేస్తారని అడగండి. ముందే ఆలోచించినవాళ్లు వెంటనే జవాబు చెప్తారు. "ఏదో చూసుకుంటాం ఆంటీ" అంటే మాత్రం మీ పక్కింటాయన గుర్తుకు రావాలి.

---

రంగుల మేస్త్రి (గాజువాక)

అమ్మగారూ, నమస్కారం. ఖాళీ అయిన ఇళ్లలోకి మొదట అడుగుపెట్టేది నేనే. ఇంటివాళ్లు చూసే లోపలే చూస్తాను. ఎవరు ఏం పాడుచేస్తారో నా చేతులకు తెలుసు.

కుక్క ఉన్న ఇల్లయితే ముందు వీధి తలుపు లోపలివైపు కిందికి వంగి చూస్తాను. మోకాలి ఎత్తు వరకు గోళ్ల గీతలుంటాయి. మనుషులు బయటికి వెళ్లినప్పుడు అది తలుపు గీకుతుంది. టేకు తలుపైతే గీకి, ఉప్పుకాగితం పట్టి, మళ్లీ పాలిష్ వేయడం ఒక మనిషికి ఒక రోజు పని. ముందే ఆ ఎత్తు వరకు పలుచని అల్యూమినియం రేకో, ప్లాస్టిక్ షీటో బిగించుకుంటే ఆ పనే ఉండదు. వెళ్లేటప్పుడు ఊడదీసుకుంటారు.

మొజాయిక్ గురించి అడిగారు. అందులో ఉన్నవి పాలరాతి ముక్కలు, సిమెంటు. పులుపు ఏది పడినా మెరుపు పోతుంది. నిమ్మకాయ పిండినా పోతుంది, చింతపండు పులుసు ఒలికినా పోతుంది. కుక్క మూత్రం వెంటనే తుడిస్తే ఏమీ కాదు. రాత్రంతా నిలిస్తే తెల్లటి మచ్చ పడుతుంది, సందుల్లోకి దిగితే వాసన పట్టుకుంటుంది, వానాకాలంలో మళ్లీ లేస్తుంది. కానీ నేను చూసిన మొజాయిక్‌లలో సగం పాడయింది మూత్రంతో కాదు, ఆ మచ్చ పోగొట్టాలని బాత్‌రూము యాసిడ్ పోసి. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. కుక్కల సామాను అమ్మే కొట్లలో ఎంజైమ్ ద్రావణం దొరుకుతుంది, అది వాసనను విరిచేస్తుంది. మచ్చ మిగిలితే యంత్రంతో పాలిష్ పట్టవచ్చు. మొజాయిక్‌కు అదొక సుఖం, టైలు అయితే మార్చాల్సిందే. పాలిష్ పట్టేవాళ్లు ఇంకా ఉన్నారమ్మా, కంచరపాలెం వైపు నాకు తెలిసినవాళ్లున్నారు.

ఇంతకీ గోడలను ఎక్కువ పాడుచేసేది ఏమిటో చెప్పనా? తలనూనె. మంచం గోడకు ఆనించి, తల గోడకు ఆనించి ఫోను చూస్తారు. ఏడాదికి అక్కడ ఒక గుండ్రటి నల్లటి మరక. దాని మీద రెండు కోటింగులు వేసినా మళ్లీ బయటికి వస్తుంది. సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, ప్రైమర్ వేసి అప్పుడు రంగు వేయాలి. దాని తరవాత వంటగది పొగ, పిల్లల స్కెచ్ పెన్నులు, దేవుడి పటాలకు కొట్టిన మేకులు. నూనె రాసుకునేవాళ్లకు ఇల్లు ఇవ్వమని ఎవరూ బోర్డు పెట్టలేదు.

వాళ్లు చేరే ముందు తలుపుల కింది భాగం, నేల, స్కర్టింగ్ పగటి వెలుగులో ఫొటోలు తీసి ఇద్దరి ఫోనుల్లోనూ ఉంచుకోండి. ఖాళీ చేసే రోజు గొడవ వచ్చేది "ఇది ముందే ఉంది" అన్న మాట దగ్గరే.

మొజాయిక్ ఇల్లు

మేస్త్రిగారూ, మా వారు తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని ఇది చదివి, లేచి గోడ చూసుకున్నారు. మరక ఉంది. మీ పాలిష్ వాళ్ల సంగతి తరవాత అడుగుతాను.

---

జిల్లా కోర్టు దారి (గుంటూరు)

వృత్తిరీత్యా వకీలును. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలగాపులగం కాకుండా చెప్తాను, ఎందుకంటే ఫోనుల్లో తిరిగే సందేశాలు వాటిని కలిపేస్తాయి.

భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. అపార్టుమెంటు సంఘాలు కుక్కల పెంపకాన్ని నిషేధించకూడదు, లిఫ్టు వాడనివ్వకపోవడం, అదనపు రుసుము వసూలు చేయడం కూడదని వాటి సారం. 2021లో కేరళ హైకోర్టు కూడా పెంపుడు జంతువులను నిషేధించే సంఘాల నిబంధనలు చెల్లవని చెప్పింది. ఇవన్నీ సంఘానికీ అక్కడ నివసించేవాళ్లకూ మధ్య విషయాలు. మీకు సంఘం లేదు. మీ ఇంటిని ఎవరికి ఏ షరతు మీద ఇవ్వాలన్నది మీకూ వాళ్లకూ మధ్య ఒప్పందం. కుక్క వద్దని ముందే చెప్పి, ఇల్లు ఇవ్వకుండా ఉండే హక్కు మీకు ఉంది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా పెంపుడు జంతువుల ఊసు ఎత్తలేదు. అన్నట్టు, ఆ నమూనాలో నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదని ఉంది. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుందనుకోండి. మీ మూడు నెలల సంగతి నేను చూడనట్టే ఉంటాను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. "కుక్కను ఎక్కడైనా వదిలేసి రండి, ఇల్లు ఇస్తాను" అని ఎప్పుడూ అనకండి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం, సరైన కారణం లేకుండా జంతువును ఆకలిదప్పులకు వదిలేసి పోవడం నేరం. అద్దె ఇంటి కోసం కుక్కను హైవే మీద దింపేసి వచ్చినవాళ్లు నాకు తెలుసు.

ఇవ్వదలిస్తే అగ్రిమెంటులో ఏం రాయాలో చెప్తాను. టీకాలు ఏటా వేయించి పుస్తకం చూపాలి. పిడుదులకు నెలకో, మూడు నెలలకో ఇచ్చే మాత్రలుంటాయి, ఆ చీటీ కూడా చూపాలి. విజయవాడ వారి బాధ సగం అక్కడే తీరేది. తలుపులు, నేల బాగుచేయించే ఖర్చు బిల్లు ప్రకారం వాళ్లదే. ఖాళీ చేసేటప్పుడు పురుగుల మందు కొట్టించడం వాళ్ల పని, కొన్ని వారాల తేడాతో రెండుసార్లు, గుడ్లు పిల్లలయ్యాక మళ్లీ పట్టుకోవడానికి. "ఇబ్బంది కలిగించకూడదు" లాంటి మాటలు రాస్తే కోర్టులో పనికిరావు. ఏ సమయం నుంచి ఏ సమయం వరకు, ఎక్కడ, ఎవరు అన్నది రాయండి.

---

లెస్టర్ నుంచి (మాది భీమవరం)

ఇక్కడి ముచ్చట కొంచెం. ఇంగ్లండులో అద్దెదారుల హక్కుల చట్టం 2025లో వచ్చింది. అద్దెలకు సంబంధించిన ముఖ్యమైన నిబంధనలకు 2026 మే 1 అమలు తేదీగా పెట్టారు. పెంపుడు జంతువును ఉంచుకుంటామని రాతపూర్వకంగా అడిగితే ఇంటి యజమాని 28 రోజుల్లో రాతపూర్వకంగానే జవాబివ్వాలి. సహేతుకమైన కారణం లేకుండా కాదనకూడదు. అడ్వాన్సు మామూలుగా ఐదు వారాల అద్దెకు మించకూడదని 2019 నుంచే ఉంది కాబట్టి, కుక్క పేరు చెప్పి ఎక్కువ తీసుకునే వీలు లేదు. మరో మూడు వారాల అద్దె తీసుకోనివ్వాలని ఎగువ సభ అడిగితే దిగువ సభ ఒప్పుకోలేదు. ఇళ్లు అద్దెకిచ్చే మన తెలుగువాళ్లు ఇక్కడా ఉన్నారు. వాళ్ల వాట్సాప్ బృందంలో ఈ విషయం మీద జరిగినంత రభస ఎన్నికల మీద కూడా జరగలేదు.

అయితే ఇది చూసి అక్కడా ఇలాగే ఉండాలని నేను అనను. నా ఇంటి యజమానిని నేను ఇంతవరకు ముఖాముఖి చూడలేదు, అంతా ఏజెంటే. మీరు అదే కప్పు కింద ఉంటారు. మీ తలమీదే ఆ కుక్క పరుగెత్తుతుంది. అర్ధరాత్రి గోళ్ల చప్పుడు సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తున్నాను. మందపాటి తివాచీ వేయమనండి.

---

మొజాయిక్ ఇల్లు

అందరికీ ధన్యవాదాలు. నిన్న ఆ జంటను మళ్లీ రమ్మన్నాను, కుక్కతో సహా. ఫొటో చూసి పెళ్లి కుదుర్చుకునే రోజులు పోయాయి కదా.

మెట్లెక్కేటప్పుడు దాని గోళ్ల చప్పుడు విన్నాను, లెస్టర్ బాబు చెప్పింది నిజమే. హాల్లో ఒక చుట్టు తిరిగి, మూల మూలా వాసన చూసి, ఫ్యాను కింద పడుకుంది. అమ్మాయిని అరగంట సేపు కిందికి పంపి, తలుపు వేసి, మేము వంటింట్లో నిలబడి విన్నాం. మొదట రెండు మూడు సార్లు మొరిగింది, తరవాత కుయ్‌కుయ్‌మంది, తరవాత ఏమీ లేదు. తలుపు మాత్రం ఒకసారి గీకింది. రేకు బిగించాలి. ఇద్దరూ లేని రోజున ఏం చేస్తారని నిజాంపేట అమ్మాయి అడగమన్న ప్రశ్న అడిగాను. సీతమ్మధారలో ఉన్న వాళ్ల అక్క ఇంటి దగ్గర దింపి వెళ్తామని తడుముకోకుండా చెప్పారు. అక్క నంబరు తీసుకున్నాను.

మడి సంగతి నేనే తేల్చేశాను. తెల్లవారుజామున ఆరు దాటేదాకా కుక్క మెట్లు దిగకూడదు, తులసికోట వైపు తాడు పొట్టిగా పట్టుకోవాలి. అత్తగారికి ఈ విషయం చెప్తే "ఆరు కాదు, ఆరున్నర" అన్నారు. అంతకుమించి అభ్యంతరం రాలేదు. నేను వారం రోజులు వణికింది ఆవిడ గురించే.

వాటా ఇస్తున్నాను. మూడు నెలల అడ్వాన్సులో ఒక నెలది తగ్గించాను, వకీలుగారు చూడనట్టే ఉన్నారు కాబట్టి. కుక్క కోసమని అదనంగా ఏమీ తీసుకోవడం లేదు, బాగుచేత ఖర్చు మాత్రం బిల్లు ప్రకారం. టీకా పుస్తకం నకలు ఇచ్చారు. పిడుదుల మాత్ర చీటీ అగ్రిమెంటు రోజున తెస్తారు, తేకపోతే సంతకం లేదు.

ఒక్క అనుమానం మిగిలింది. అగ్రిమెంటు రేపు రాయిస్తున్నాం. అందులో కుక్క పేరు రాయాలా? సున్నుండ అని స్టాంపు కాగితం మీద రాయించడానికి మా వారు సిగ్గుపడుతున్నారు.

పటమట ఇంటాయన

నా అభిప్రాయం మారలేదు. కానీ గోడల పగుళ్లు వాళ్లు చేరకముందే సిమెంటుతో పూడ్పించండి. స్విచ్ బోర్డుల చుట్టూ ముఖ్యంగా. అక్కడ సందు లేకపోతే వాటికి చోటు ఉండదు.

జిల్లా కోర్టు దారి

పేరు అక్కర్లేదమ్మా. "మూడేళ్ల వయసున్న, గోధుమ రంగు, ఆపరేషన్ అయిన ఆడ కుక్క ఒకటి" అని రాయించండి. "ఒకటి" అన్నది అంకెలోనూ అక్షరాల్లోనూ. అది లేకపోతే వచ్చే ఏడాది రవ్వలడ్డు వస్తుంది.